నీళ్ళు కొట్టిన తీతువు

సోమవారం, డాబా మీద నుంచి.

ఏమేవ్,

పాతికేళ్ళుగా నిన్ను ఇలాగే పిలుస్తున్నాను. కాగితం మీద ఇంకెలా పిలవాలో తోచక కలం పట్టుకుని పది నిమిషాలు కూర్చుని, చివరికి ఇదే రాశాను. ఇక్కడ నేను రాయిలా ఉన్నాను. అక్కడ నువ్వూ, అమ్మాయీ, అల్లుడుగారూ, వియ్యపురాలుగారూ, ఇంకా నా కంటపడని నా మనవరాలూ చల్లగా ఉన్నారని తలుస్తాను. చల్లగా అనే మాట ఊరికే రాయలేదు. ఇక్కడ ఎండలు అలా ఉన్నాయి మరి.

నీ ఉత్తరం అందింది. "ఫోన్లో మీరు 'ఊ', 'ఆ', 'సరే ఉంటా' తప్ప నాలుగో మాట మాట్లాడరు, అందుకే రాస్తున్నాను, మీరూ రాసే జవాబివ్వండి" అన్నావు. నిజమే. తాపీ పట్టుకున్నంత సులువుగా మాట పట్టుకోవడం నాకు రాదు. అందుకే ఒక్కో ప్రశ్నకీ వరసగా జవాబు రాస్తాను. ఇటుక మీద ఇటుక పెట్టినట్టు పోతే తప్ప నాకు దారి తెలియదు.

తింటున్నానా అని అడిగావు. తింటున్నాను. మొదటి వారం నా వంట నేనే తిని, ఇన్నాళ్ళూ నీ వంటకు వంకలు పెట్టినందుకు లెంపలు వేసుకున్నాను. మాత్రలు వేసుకుంటున్నాను. చంటిదానికి ముక్కు ఎవరిది వచ్చిందో చెప్పలేదేం? నాది వచ్చి ఉంటే పాపం, ఇప్పట్నుంచే ఓదార్చడం మొదలుపెట్టు.

ఇక ఫోన్ చేసినప్పుడల్లా వెనకాల ఎవరో గొంతు చించుకుని అరుస్తున్నారు, ఇంట్లో ఎవరున్నారని అడిగావు. మన డాబా మీదకు అద్దెవాళ్ళు దిగారు. నన్ను అడగలేదు, అద్దె కింద బేడా ఇవ్వలేదు, పైగా నన్నే నా డాబా ఎక్కనివ్వలేదు. తీతువు పిట్టలు, జంట.

నువ్వు వెళ్ళేటప్పుడు గుమ్మంలో నిలబడి ఏం చెప్పావో నేను మరిచిపోలేదు. "ఉత్తరపు గదిలో అమ్మాయినీ బిడ్డనీ పడుకోబెట్టాలి. వానలు పడేలోపు ఆ కప్పు కారకుండా చెయ్యండి. ఊరందరి ఇళ్ళూ కట్టే మేస్త్రి ఇంట్లో పురిటి బిడ్డ మంచం చుట్టూ గిన్నెలు పెట్టుకుంటే నలుగురూ నవ్వుతారు" అన్నావు. సరే అన్నాను. ఒప్పుకున్న పని ఒకటి ముగించుకుని, మూడు వారాలకు కంకర చిప్స్ తెప్పించి డాబా మీద పరిపించాను. సరిగ్గా అప్పుడే ఎండలు ముదిరాయి. పదకొండు నుంచి నాలుగు దాకా బయట పని చెయ్యొద్దని ఉత్తర్వు వచ్చింది. మా జట్టులో ఇద్దరు కళ్ళు తిరిగి పడ్డారు కూడా. వారం రోజులు పని ఆపాం.

ఎనిమిదో రోజు పొద్దున పార పట్టుకుని డాబా ఎక్కానో లేదో, నెత్తి మీద ఎవరో ఈడ్చి కొట్టినట్టయింది. తలెత్తితే పిట్ట! పావురం కంటే కాస్త పెద్దది. పసుపుపచ్చ కాళ్ళు, కళ్ళ ముందు ఎర్రటి తోలు, తలంతా నలుపు. పైకి లేచి, మలుపు తిరిగి, మళ్ళీ నా ముఖం మీదకే దూసుకొచ్చింది. రెండోది పక్కనుంచి వంత. అరికాలి మంట నెత్తికెక్కి పార ఎత్తాను. ఎదురింటి టీచరమ్మ తన డాబా మీద బట్టలు ఆరేస్తూ కేక పెట్టింది.

"మేస్త్రిగారూ, కాలు కదపకండి! కింద చూడండి!"

చూశాను. ఏమీ లేదు, కంకర తప్ప. మళ్ళీ చూశాను. నా చెప్పుకు జానెడు దూరంలో నాలుగు గుడ్లు. కంకర రంగే, కంకర మీద మచ్చలే, మొనలన్నీ లోపలికి తిప్పి పేర్చినట్టున్నాయి. గూడు లేదు, పుల్ల లేదు, ఈక లేదు. నేను పరిపించిన చిప్స్‌ని కాస్త గుంట చేసుకుని అందులో పెట్టేసింది. ఇంకొక్క అడుగు వేసి ఉంటే నలుగురి ఉసురు పోసుకునేవాణ్ణి.

"ఎన్నాళ్ళమ్మా ఈ పురుడు?" అని అడిగాను.

"ఇరవై ఎనిమిది రోజులు అటూ ఇటూ. అప్పటిదాకా మీ పార కిందే ఉంచాలి."

ఇరవై ఎనిమిది రోజులంటే వానలు ముంచుకొస్తాయి. నీ మాట గుర్తొచ్చింది, బిడ్డ గుర్తొచ్చింది. గుడ్లు జాగ్రత్తగా తట్టలో తీసి పక్కింటి డాబా మీద పెడితేనో అన్నాను. "అయితే ఇక అవి వాటిని పొదగవు. మీ మనవరాలిని ఎవరైనా ఉయ్యాలతో సహా ఎత్తుకెళ్ళి పక్క వీధిలో పెడితే మీకెలా ఉంటుంది?" అంది. టీచరమ్మల దగ్గర ఇదే చిక్కు, జవాబు చెప్పడానికి వీలులేని ప్రశ్న వేస్తారు. పార దింపేశాను.

అది మొదలు నా బతుకు చూసి వీధి వీధంతా నవ్వింది. నీళ్ళ ట్యాంకు చూడాలన్నా, ఆరేసిన బట్టలు తీయాలన్నా, నెత్తిన సిమెంటు మోసే ఇనప గమేళా బోర్లించుకుని ఎక్కేవాణ్ణి. పిట్ట వచ్చి దాని మీద టంగుమని ఒకటిచ్చి పోయేది. ముక్కు మీద కోపం అంటే నీదే అనుకునేవాణ్ణి. నిన్ను మించింది దొరికింది.

ఉండు. ఇప్పుడే లేచి ఒక పని చూసుకుని వస్తాను.

వచ్చాను. ఏం పనో తర్వాత చెప్తాను. అసలు సంగతి ఇక్కడే ఉంది, జాగ్రత్తగా చదువు.

మధ్యాహ్నాలు పని లేదు కదా, మెట్ల గది తలుపు ఓరగా తీసి కూర్చుని వాటిని చూడటం అలవాటైంది. ఆ ఎండ నువ్వు చూడలేదు. కంకర మీద చెయ్యి పెడితే చురుక్కుమనేది. ఆ కంకరలో ఆ గుడ్లు ఉడికిపోవా అని నా అనుమానం. పిట్ట వాటి మీద కూర్చుని వేడి చేస్తుందనుకున్నానా, అది సగం సేపు కూర్చోకుండా నిలబడి, రెక్కలు కాస్త విప్పి గుడ్లకు నీడ పడుతోంది. నోరు తెరిచి రొప్పుతోంది. అంతలో రెండోది ఎక్కడినుంచో వచ్చి దిగింది. దాని పొట్ట కింద ఈకలన్నీ తడిసి ముద్దై ఉన్నాయి. మొదటిది తప్పుకుంది. ఇది వెళ్ళి గుడ్ల మీద పొట్ట ఆనించి, అటూ ఇటూ కదిలి, నీళ్ళన్నీ వాటికి అద్దింది. చుట్టూ కంకర తడిసి నల్లబడింది. కాసేపటికి అది తప్పుకుంటే మొదటిది వెళ్ళి తడిసొచ్చింది.

"ఓసి దీని దుంపతెగ! ఇది క్యూరింగ్ చేస్తోందే!" అని పైకే అనేశాను.

అవునే. అచ్చం మేం స్లాబు మీద గోనెసంచులు పరిచి, అవి ఆరకుండా నీళ్ళు కొట్టినట్టే. ఎవరు నేర్పారు దానికి? ఏ మేస్త్రి దగ్గర పని చేసింది? నాకు నమ్మకం కుదరక సుద్దముక్కతో తలుపు వెనక గీతలు గీశాను. పదకొండు నుంచి నాలుగు లోపల ముప్పై ఒక్క గీతలు. మర్నాడు ముప్పై నాలుగు. ఎండ ఎక్కువైతే గీతలూ ఎక్కువే. ఒక్క పూట ఎగ్గొట్టలేదు. ఈ ముప్పై ఏళ్ళలో నాతో పనిచేసిన వాళ్ళలో ఇలాంటి పనివాడు ఒక్కడు లేడు, నన్ను కూడా కలుపుకునే చెబుతున్నాను.

ఆ నీళ్ళు ఎక్కడివా అని చూపుతో దాన్ని వెంబడించాను. మన గమేళాలో నీళ్ళు పోసి డాబా చివర పెడితే దాని వంక కూడా చూడలేదు. ఎగిరి, ఖాళీ స్థలం దాటి, వీధి చివర ఇస్త్రీ బాబాయి బండి పక్కన దిగేది. అక్కడి కుళాయి ఎప్పుడూ కారుతూ ఉంటుంది కదా. దాని కింద కుక్కలకని బాబాయి ఒక రోలు పెట్టాడు. రోలు నిండి పొర్లి చుట్టూ చాప పరిచినంత మేర మడుగు కట్టింది. పిట్ట అందులో నిలబడి, పొట్ట ముంచి, ఒళ్ళు కుదుపుకుని లేచేది.

ఆ రోలు ఎవరిదో నీకు చెప్పక్కర్లేదు. మీ అమ్మగారు నీకిచ్చిన రోలు.

దాని గురించి తర్వాత రాస్తాను. ముందు వడగళ్ళ వాన సంగతి.

ఇరవై రెండో రోజు సాయంత్రం నాలుగున్నరకు ఆకాశం ఒక్కసారి బూడిదరంగయింది. గాలి లేచింది. ఇస్త్రీ బాబాయి బండి మీద రేకు ఎగిరిపోయింది. నేను టార్పాలిన్ చంకన పెట్టుకుని మెట్లెక్కాను. ఉత్తరపు గది మీద ఉన్న పెద్ద బీటను కప్పేస్తే లోపలికి నీళ్ళు దిగవు. అది నీకూ తెలుసు, ప్రతి వానకీ మనం చేసే పనే అది. కానీ ఆ బీటకు సరిగ్గా రెండు మూరల దూరంలో పిట్ట కూర్చుని ఉంది. వడగళ్ళు మొదలయ్యాయి, గోళీకాయలంత ఉన్నాయి. నేను అడుగు వేస్తే అది లేస్తుంది. అది లేస్తే గుడ్లు నాలుగూ పగులుతాయి.

ఆ తలుపు దగ్గర నిలబడిపోయాను. పావుగంట సేపు రాళ్ళు కురిశాయి. అది మెడ లోపలికి లాక్కుని, రెక్కలు రెండూ నేలకు ఆనించి, గుడ్ల మీద పరుచుకుపోయింది. వీపు మీద ఒక్కో వడగల్లు పడినప్పుడల్లా ఒళ్ళు జలదరించేది తప్ప అంగుళం జరగలేదు. రెండోది దానికి మూరెడు దూరంలో, గాలికి ఎదురుగా నిలబడింది. దానికక్కడ పనేమీ లేదు, ఊరికే తోడు. నాకు కళ్ళ నీళ్ళు తిరిగాయి. సిమెంటు దుమ్ము పడిందని చెప్పుకోవడానికి పక్కన ఎవరూ లేరు కాబట్టి నిజమే రాస్తున్నాను.

కింద ఉత్తరపు గది చెరువయింది. అమ్మాయి కోసం తెచ్చిన కొత్త పరుపు తడిసింది. చంటిదాని చిన్న పరుపు కూడా. రెండూ ఎండలో పెట్టాను, బాగానే ఆరాయి, వాసన లేదు, మూడుసార్లు ముక్కు పెట్టి చూశాను. "పని జరుగుతోంది" అని ఫోన్లో నీకు చెప్పినప్పుడల్లా నిజానికి జరిగింది ఇదీ. తిట్టాలనుంటే ఇక్కడ ఆగి తిట్టుకో, తర్వాత మిగతాది చదువు.

ఇరవై తొమ్మిదో రోజు మూడు పిల్లలు బయటికొచ్చాయి. నాలుగో గుడ్డు పగల్లేదు, దాన్ని అక్కడే వదిలేశాయి. పిల్లలు పుట్టిన పూటే నడిచాయంటే నమ్ము. దూది ఉండలకు కాళ్ళు మొలిచినట్టున్నాయి. కానీ డాబా మీద వాటికి తిండి లేదు, కిందికి దిగాలి. తల్లి ఇంటి వెనకున్న ఖాళీ స్థలంలో నిలబడి రమ్మని పిలుస్తోంది. ఇవి డాబా అంచుకొచ్చి తొంగిచూస్తున్నాయి. వెనక వైపు పిట్టగోడ కట్టలేదని పన్నెండేళ్ళుగా నన్ను సాధిస్తున్నావు కదా? ఆ కట్టని గోడే పనికొచ్చింది. మా పొడుగాటి సెంట్రింగ్ చెక్కలు రెండు కలిపి, కాలు జారకుండా అడ్డంగా పుల్లలు కొట్టి, డాబా అంచు నుంచి కింద ఇసక కుప్ప దాకా వాలుగా దారి వేశాను. మా కూలీలు తట్టలు మోసే దారిలాంటిదే, కాకపోతే బొటనవేలంత మనుషులకు. వేస్తున్నంత సేపూ వాళ్ళ నాన్న నా నెత్తి మీద గమేళాను వాయిస్తూనే ఉన్నాడు. గంట సేపు తటపటాయించి మొదటిది అడుగేసింది. దాని వెనక రెండూ. ఇస్త్రీ బాబాయి, టీచరమ్మ, నేను ముగ్గురం చప్పట్లు కొట్టబోయి, బెదురుతాయని చేతులు గాల్లోనే ఆపేసుకున్నాం. నేను ఎన్నో ఇళ్ళకు మెట్లు కట్టాను. ఒక్క గృహస్థూ ఇంత జాగ్రత్తగా దిగడం చూడలేదు.

మళ్ళీ లేస్తున్నాను, ఉండు.

ఆఁ, వచ్చాను. నేను మాటిమాటికీ లేస్తున్నది నీళ్ళు కొట్టడానికి. అవును, కప్పు పని అయింది. పిట్టలు దిగిన మర్నాడే జట్టును పిలిచి, పాత పూత పగలగొట్టి, బీటలు తవ్వి నింపి, వాలు సరిచేసి కొత్త కాంక్రీటు పోశాను. ఈ రోజు మూడో రోజు. గోనెసంచులు పరిచి, గొడుగు కింద కూర్చుని, గంటకోసారి తడుపుతున్నాను. ఈ ఉత్తరం అలా అలా రాస్తున్నదే. మా వాళ్ళలో ఒకడు "మీరు వెళ్ళండి మేస్త్రీ, నేను చూసుకుంటా" అన్నాడు. వద్దన్నాను. ఎందుకు వద్దన్నానో చెప్పడానికే ఇంత దూరం రాశాను. ఇక రోట్లో తల పెట్టాక రోకటి పోటుకు వెరిస్తే ఎలా?

నీ ఉత్తరం చివర ఒక మాట రాశావు. "ఆ రోజుల్లో నేను డాబా మీద రోలు పెట్టి దంచకపోయి ఉంటే స్లాబు బీట వారేది కాదు, ఇవాళ చంటిదానికి ఈ ఇబ్బంది ఉండేది కాదు. వియ్యపురాలుగారితో కూడా అదే అన్నాను" అని.

అది చదివి రెండు రోజులు నాకు అన్నం సహించలేదు.

ఆ స్లాబు నీ రోకటి దెబ్బలకు బీట వారలేదు. పన్నెండేళ్ళ కింద నిండు ఎండల్లో ఆ స్లాబు పోశాను. నువ్వు అమ్మాయిని తీసుకుని మీ అమ్మగారి దగ్గర ఉన్నావు. రెండో రోజు సాయంత్రం ఒక పెద్ద మనిషి వచ్చి, దూరపు ఊళ్ళో పెద్ద మేడ పని, ఇప్పుడొస్తే నీదే అన్నాడు. నాకు పేరు తెచ్చుకోవాలన్న యావ. తలుపుకు తాళం వేసి వెళ్ళిపోయాను. ఐదు రోజులు. ఆ ఐదు రోజులూ మన స్లాబు మీద చుక్క నీళ్ళు పడలేదు. తిరిగొచ్చేసరికి గోనెసంచులు అప్పడాల్లా ఉన్నాయి. నువ్వొచ్చి "రోజూ నీళ్ళు కొట్టారా?" అని అడిగితే "కొట్టాను" అన్నాను. నీళ్ళు కొట్టని స్లాబు బీట వారుతుందని నాకు తెలుసు, మొదటి రోజు పనిలో చేరిన కూలీకి కూడా తెలుసు.

వానలొచ్చాయి, కారింది. మీ వాళ్ళంతా ఇంట్లో ఉన్నారు. "అదేమిటి మేస్త్రీ, నీ ఇల్లే కారుతోంది?" అని మీ అన్నయ్య నవ్వాడు. నా కళ్ళ ముందు డాబా మూలనున్న రోలు మెదిలింది. "మీ చెల్లెలు డాబా మీద రోలు పెట్టి దంచి దంచి పగలగొట్టింది" అన్నాను. ఆడలేక మద్దెల ఓడన్నానే. నువ్వు అది నిజమేననుకున్నావు. మర్నాడు ఆ రోలు దింపించి ఇస్త్రీ బాబాయికి ఇచ్చేశావు. మీ అమ్మగారు పోయాక కూడా వెనక్కి అడగలేదు. వానొచ్చిన ప్రతిసారీ గిన్నెలు సర్దుతూ "నా తప్పే" అనుకుంటూ బతికావు. నేను వింటూ ఊరుకున్నాను.

నీళ్ళ కోసం ఆ పిట్ట అన్నిసార్లు ఎగిరి ఆ రోలు దగ్గరికే పోతుంటే, తలుపు వెనక గీతలు గీస్తున్న నాకు ఎలా ఉండి ఉంటుందో నువ్వే ఆలోచించు. గుప్పెడు పిట్ట ఎండకు నోరు తెరుచుకుని కూడా ఒక్క పూట ఎగ్గొట్టలేదు. నేను ఐదు రోజులు ఎగ్గొట్టి, ఆ తప్పు పన్నెండేళ్ళు నీ నెత్తిన రుద్దాను. క్షమించమని అడగడానికి నోరు రాక ఉత్తరం రాస్తున్నాను.

ఈ ఉత్తరం దాచుకోకు. అమ్మాయికి చదివి వినిపించు. వియ్యపురాలుగారికి కూడా. మీ అన్నయ్యకు నేనే రాస్తాను. నలుగురిలో నిన్నన్న మాటకు నీ ఒక్కదాని దగ్గర తప్పొప్పుకుంటే చాలదు.

ఇంకొక్కటి. ఈ శుక్రవారం బయల్దేరతామన్నావు. వద్దు. ఆ పై శుక్రవారానికి రండి. అప్పటికి నీళ్ళు కొట్టాల్సిన పద్నాలుగు రోజులూ నిండుతాయి. మనవరాలిని చూడాలని నాకు లేదా? ప్రాణం కొట్టుకుంటోంది. కానీ ఈసారి పద్నాలుగంటే పద్నాలుగే.

నిన్న ఇస్త్రీ బాబాయి దగ్గరికి వెళ్ళి రోలు ఇచ్చెయ్యమని అడిగాను. "కుక్కలూ, ఆ పిట్టలూ ఏం కావాలి మేస్త్రీ?" అన్నాడు. కుళాయి కింద వెడల్పాటి సిమెంటు తొట్టి కట్టించి ఇచ్చాను. దానికీ నీళ్ళు నేనే కొడుతున్నాను. రోలు కడిగి మెట్ల కింద పెట్టాను. నువ్వొచ్చే రోజు దాన్ని నేనే మోసుకెళ్ళి డాబా మీద, ఆ పాత మూలలోనే పెడతాను. నీకు తోచినంత సేపు, చేతిలో ఎంత సత్తువ ఉంటే అంత గట్టిగా దంచు. బీట వారితే అది నా తప్పు, నలుగురిలోనే ఒప్పుకుంటాను.

ఎండ తగ్గలేదు. గోనెసంచులు ఆరుతున్నాయి, లేవాలి.

ఇట్లు,
గొడుగు కింద కాపలా కూర్చున్న
మీ ఆయన